ఎప్పుడూ నాలుగే తేడా

ఆ వేసవిలో మా ఇంటి కంప్యూటర్ పదకొండుసార్లు ఆగిపోయింది. పదకొండుసార్లూ తప్పు నాదేనన్నారు. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. చల్లారేలా లేదు. అందుకే రాస్తున్నాను.

నేను చూపులేని పిల్లల బడికి పుస్తకాలు తయారుచేస్తాను. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా టైపు చేస్తాను. బొమ్మ ఉన్నచోట ఆ బొమ్మలో ఏముందో మాటల్లో రాస్తాను. ఒక సాఫ్ట్‌వేర్ దాన్నంతా బ్రెయిలీలోకి మారుస్తుంది. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి బడి వెనకున్న ప్రెస్సులో ఇస్తే, అక్కడి యంత్రం దళసరి కాగితం మీద చుక్కలు గుద్దుతుంది. పన్నెండేళ్లుగా ఇదే పని. ప్రెస్సులో నా ఫైలును రెండోసారి చూసేవాళ్లు కాదు. ఆమె చేసిందంటే తప్పుండదు అనేవాళ్లు. ఆ మాట కోసం నేను కళ్లు పోగొట్టుకున్నా ఫరవాలేదనుకునేదాన్ని.

ఆ ఏడు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మారింది. సెలవులు అయిపోయేలోగా కొత్తది పిల్లల చేతుల్లో ఉండాలి. లేకపోతే బడి తెరిచాక పద్నాలుగు మంది పిల్లలు ఒట్టి చేతులతో కూర్చుని, మాస్టారు చెప్పింది విని గుర్తుపెట్టుకోవాలి. మిగతా పాఠాలు విని నేర్చుకోవచ్చు. లెక్కలు విని ఎవడు నేర్చుకుంటాడు?

కంప్యూటర్ అప్పటికే నత్తనడక నడుస్తోంది. మా మరిదికి కంప్యూటర్ల రిపేరు షాపుంది. బజారులో అందరూ అతన్ని డాక్టర్ అనే పిలుస్తారు. "పాత సిస్టమ్ పీకేసి కొత్తది వేస్తాను వదినా, నాలుగు రోజులు నాకొదిలెయ్యండి" అని డబ్బాని బండి మీద పెట్టుకుపోయాడు. చెప్పినట్టే నాలుగో రోజు తెచ్చాడు. తెర వెలిగింది. కొత్త రంగులు, కొత్త బొమ్మలు.

"ఇంక చూస్కోండి, గుర్రమే" అన్నాడు.

మా ఆయన తమ్ముడి భుజం తట్టాడు. అత్తయ్య, "మా చిన్నాడి చేతిలో ఏదో ఉంది" అంది. నేను కూడా మురిసిపోయాను. అబద్ధమెందుకు చెప్పాలి?

సరిగ్గా వారం నడిచింది గుర్రం. ఎనిమిదో రోజు పొద్దున వర్గమూలాల అధ్యాయంలో ఉండగా తెర మొత్తం నీలంగా అయిపోయి, ఏదో తెల్ల అక్షరాల సందేశం వచ్చి, దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. తెరిచి చూస్తే రెండు రోజుల పని లేదు.

సాయంత్రం మరిది వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం నొక్కారు వదినా?"

"ఏం నొక్కలేదు."

"నొక్కకుండా ఎలా ఆగిపోతుంది? ఆ టైములో ఏం చేస్తున్నారు?"

"టైపు చేస్తున్నా."

"అదీ మరి. ఏదో ఒకటి నొక్కారన్నమాట!"

మా ఆయన పగలబడి నవ్వాడు. మరిది మళ్లీ మొదటి నుంచి సిస్టమ్ ఎక్కించాడు. అరవై మూడు శాతం దగ్గర అరగంట నిలబడిపోయింది. ఏదో ఫైలు చదవలేకపోతున్నానంది. ఇంకోసారి మొదలుపెడితే ఈసారి వేరే ఫైలు పేరు చెప్పింది. మూడోసారికి ఎక్కింది. చేతులు దులుపుకుని, "కొంచెం చూసి వాడండి. ఇది కుట్టుమిషన్ కాదు కదా" అని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకి మళ్లీ నీలం తెర. తర్వాత రెండు రోజులకే ఇంకోటి. ఒకసారి ఫైలు తెరుస్తుంటే, ఒకసారి సేవ్ చేస్తుంటే, ఒకసారి ఏమీ చేయకుండా ఉండగానే. వచ్చిన ప్రతిసారీ సందేశం వేరు. నేనొక నోటుబుక్కు పెట్టి, ఎన్ని గంటలకు ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నాను, తెర మీద ఏం రాసుంది, అన్నీ రాయడం మొదలుపెట్టాను. మరిది రెండోసారి వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికిచ్చాను. తెరవకుండానే బల్ల మీద పెట్టాడు.

"అసలు రోగం మీ చుక్కల సాఫ్ట్‌వేరు. ఎప్పటిదో అది. దానివల్లే సిస్టమ్ పాడవుతోంది."

"పన్నెండేళ్లుగా వాడుతున్నా. ఎప్పుడూ ఇలా కాలేదు."

"అప్పుడు పాత సిస్టమ్ వదినా. కొత్తదానికి ఇవి పడవు."

"పోనీ లోపల డబ్బా విప్పి చూడు ఒకసారి. తీగేదైనా వదులైందేమో."

"లోపలంతా నేను చూసే పెట్టాను" అన్నాడు, గట్టిగా. ఆ గట్టితనం నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా ఆయన వైపు చూశాను. ఆయన నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు తనిఖీ చేస్తాడు. ఎవరు చెప్పినా నమ్మకుండా మీటరు తనే వంగి చూసుకునే మనిషి. ఇంట్లో మాత్రం వంగలేదు. "వాడు పదిహేనేళ్లుగా అదే పనిలో ఉన్నాడు. వాడికి తెలీదంటావా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. చప్పుడు వాళ్లకి వినపడాలనే కడిగాను.

మరిదిని మూడోసారి పిలవాల్సి వచ్చిన రోజు మాత్రం, అది ఆగినప్పుడు అత్తయ్య గదిలోనే ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఎక్కువగా నా గదిలో కిటికీ పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతుంది. నేను కుర్చీ లోంచి లేచి మంచినీళ్లు తాగుతున్నాను. ఆవిడ కళ్ల ముందే తెర నీలంగా మారింది.

మరిది వచ్చి అలవాటుగా, "ఈసారి ఏం నొక్కారు?" అన్నాడు.

"నొక్కలేదురా. దానికి ఆమడ దూరంలో ఉంది. నేను చూస్తూనే ఉన్నా" అంది అత్తయ్య.

"నీకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసమ్మా?"

"కంప్యూటర్ తెలీదు. దూరం తెలుసు" అంది ఆవిడ, కత్తిపీట పక్కకు జరుపుతూ.

మరిది సంచిలోంచి డిస్కు తీశాడు. మూడోసారీ సిస్టమ్ ఎక్కించి పోయాడు.

సెలవులు సగమయ్యేసరికి పడుతూ లేస్తూ ఎలాగో ఐదు అధ్యాయాలు ప్రెస్సుకి ఇచ్చాను. మూడు రోజులకి మేనేజరమ్మ ఫోన్ చేసి ఒకసారి రమ్మంది. వెళ్లేసరికి ఆమె గదిలో లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయనకూ పుట్టుకతోనే చూపు లేదు. ఆయన ముందు నా పుస్తకం గుద్దిన కాగితాలు దొంతరగా ఉన్నాయి. అక్కడక్కడ పేజీల మూలలు మడిచి ఉన్నాయి. చాలా మూలలు.

"ఏమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?" అన్నారు మాస్టారు.

లేదండీ అన్నాను.

"ఇరవై ఒకటిని మూడుతో గుణిస్తే అరవై ఏడు ఎలా అవుతుందమ్మా?" అని ఒక వరస మీద వేలు పెట్టారు. ఇంకో పేజీ తిప్పి, "ఇక్కడ చతురస్రానికి ఒక భుజం రెండు, ఇంకో భుజం ఆరు."

"నేను అలా కొట్టలేదండీ."

"కాగితం మీదైతే ఉంది" అంది మేనేజరమ్మ. ఆమె చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించి, "మీకు పని ఎక్కువైనట్టుంది. మిగతా అధ్యాయాలు వేరేవాళ్లకి ఇద్దామా అని..." అంది.

అరిచేదాన్నే. అరవలేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ గదిలో నా మాటకి విలువ లేకుండా పోయింది. నాకు ఏడుపొస్తే కోపం, కోపమొస్తే ఏడుపు. రెండూ మింగి, "ఒక్క వారం ఆగండి" అన్నాను.

"ఈ కాగితాలు నా దగ్గరుంచమ్మా. మళ్లీ ఒకసారి చదువుతాను" అన్నారు మాస్టారు.

ఇంటికొచ్చి నా ఫైళ్లు తెరిచాను. ఇరవై ఒకటి ఇంటూ మూడు, అరవై ఏడు. నిజంగానే ఉంది. నేను అరవై మూడు కొట్టాను, కొట్టాక అచ్చు పుస్తకంతో పోల్చి చూశాను. ఆ రోజు కంప్యూటర్ని కాలితో తన్నాలనిపించింది. మా ఆయనకి చెబితే, "చూశావా, నేను చెప్తూనే ఉన్నా. నీ ధ్యాస ఎక్కడో ఉంటోంది" అన్నాడు. ఒక క్షణం నేనూ నమ్మాను. ఆ క్షణానికి మాత్రం నేను వాళ్లిద్దర్నీ ఎప్పటికీ క్షమించను.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మా, మొత్తం ముప్ఫై ఎనిమిది తప్పులు దొరికాయి. ఒకటి ఐదైంది. రెండు ఆరైంది. మూడు ఏడైంది. ఇంకో రకం తప్పు ఒక్కటీ లేదు. గమనించావా? ఎప్పుడూ నాలుగే తేడా."

నేను నోటుబుక్కు అందుకుని ఆ అంకెలు రాసుకున్నాను.

"చెయ్యి జారితే పక్క అంకె పడుతుంది. ఒకటి కొట్టబోయి రెండు కొడతాం. ఐదెందుకు పడుతుంది? మనిషి ఇంత క్రమంగా తప్పులు చెయ్యడమ్మా. ఇది యంత్రం చేసిన తప్పు. దాని జ్ఞాపకంలో ఒకచోట చిల్లు పడిందేమో."

"జ్ఞాపకమంటే?"

"ర్యామ్ అంటారే, అది. మా బడి మిషన్లు చూసే ఇంజనీరుని అడిగాను. పరీక్షించడానికి ఒక ప్రోగ్రామ్ ఉందట. పెన్‌డ్రైవ్‌లో వేసి మేనేజరుకిచ్చాడు. వచ్చి తీసుకెళ్లు. ఇంకో మాట. నీది తప్పని నేను అనుకోలేదమ్మా. ఒంట్లో బాలేదేమో అనుకున్నా, అంతే."

ఫోను పెట్టేశాక కూర్చుని ఏడ్చాను. నెల రోజుల్లో అత్తయ్య కాక నన్ను నమ్మిన మొదటి మనిషి.

సాయంత్రమే వెళ్లి పెన్‌డ్రైవూ, ఇంజనీరు రాసిచ్చిన కాగితమూ తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున మా ఆయన ఆఫీసుకి వెళ్లగానే పెన్‌డ్రైవ్ పెట్టి పరీక్ష మొదలుపెట్టాను. నల్ల తెర మీద అంకెలు పరిగెత్తాయి. అత్తయ్య పక్కన కూర్చుంది. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక ఎర్ర గీత వచ్చింది. దాని కింద ఇంకొకటి. చూస్తుండగానే తెర సగం ఎర్రబడింది.

"చీమల బారులా వస్తున్నాయే! మంచిదా, చెడ్డదా?" అంది.

"చెడ్డది అత్తయ్యా. చాలా మంచిది" అన్నాను.

ఇంజనీరు కాగితం మీద రాసిచ్చినట్టే తీగ పీకి, డబ్బాని మంచం మీద పడుకోబెట్టి, మరలు విప్పాను. లోపల రెండు ర్యామ్ ముక్కలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి పచ్చ. మా ఆయన రెండేళ్ల కిందట కొనితెచ్చినవి జత. రెండూ నీలమే. నా చేత్తోనే అట్టపెట్టె విప్పాను.

పచ్చది ఊడదీశాను. దాని వెనక తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది, సన్నటి పెన్నుతో ఏదో రాసి ఉంది. నా కళ్లజోడు బల్ల మీద ఉండిపోయింది. అత్తయ్యకి దగ్గర చూపు బాగా ఆనుతుంది. ఆవిడకి ఇచ్చాను. కిటికీ వెలుగులో పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"పోయింది. కంపెనీకి వాపసు."

ఆ అక్షరాలు ఎవరివో ఇద్దరికీ తెలుసు. మరిది షాపు నుంచి ఇంటికొచ్చే ప్రతి బిల్లు మీదా చూస్తున్నవే.

ఆవిడ ఆ ముక్కని నా చేతిలో పెట్టి, కత్తిపీట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నీలం ముక్క ఒక్కటే ఉంచి మళ్లీ పరీక్ష పెట్టాను. సాయంత్రం దాకా నడిచింది. ఒక్క ఎర్ర గీత రాలేదు. ఎన్నిసార్లు కొత్త సిస్టమ్ వేసినా ఎందుకు నిలవలేదో అప్పుడు తెలిసింది. ఎక్కించే ప్రతి ఫైలూ ఆ చచ్చిన ముక్క మీదుగానే వెళ్లింది. ఎక్కుతూ ఎక్కుతూనే పాడైంది.

మా ఆయన రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా పచ్చ ముక్క చేతిలో పెట్టాను. పరీక్ష సంగతీ, డబ్బా విప్పిన సంగతీ చెప్పాను. తిప్పి చూశాడు. చదివాడు. ఆయన ముఖంలో రంగు మారింది. ఇప్పుడైనా తమ్ముడికి ఫోన్ చేస్తాడనుకున్నాను.

ఆయన బొటనవేలి గోరుతో ఆ కాగితాన్ని ఒక మూల నుంచి గీకాడు. నెమ్మదిగా, చిరగకుండా ఊడదీశాడు. ఉండ చేసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పొరపాటున పడుంటుంది. షాపులో వంద ముక్కలుంటాయి. అమ్మకి చెప్పకు" అన్నాడు.

ఆ కాగితం చదివింది అత్తయ్యేనని నేను చెప్పలేదు. ఆయన చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. కుళాయి చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నన్ను తిట్టిన రోజులున్నాయి, మాట్లాడని రోజులున్నాయి. వాటిలో దేనికీ నా ఒళ్లు ఇంత చల్లబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మరిది భోజనానికి వచ్చాడు. సంచిలో ఇంకో కొత్త సిస్టమ్ డిస్కుంది. "వదినా, ఈసారి వేరే వెర్షన్ వేద్దాం. ఇది రాయిలా ఉంటుంది" అన్నాడు. అత్తయ్య అతని కంచంలో అన్నం వడ్డించింది. పప్పు వేసింది. వేస్తూనే అడిగింది.

"పోయిందని నువ్వే రాసి, మళ్లీ నువ్వే పెట్టావేరా?"

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మరిది తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. అన్న వైపు చూశాడు. అన్న కంచం వైపు చూశాడు.

"అది... ఆ వారం సరుకు రాలేదమ్మా. ఒక కస్టమర్ నెత్తినెక్కి కూర్చున్నాడు. మంచిది తీసి అతనికి వేశా. ఇంట్లోవాళ్లే కదా, స్టాకు రాగానే మార్చేద్దాం అనుకున్నా. అప్పుడప్పుడూ ఆగుతుందంతే అనుకున్నా."

"మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ డబ్బా ఎందుకు విప్పలేదు?" అన్నాను.

అతను పప్పు కలపడం మొదలుపెట్టాడు.

"విప్పితే అది నేనూ చూస్తానని. అందుకని నేనేదో నొక్కానన్నావు. నా సాఫ్ట్‌వేర్ పనికిరాదన్నావు. నేను కొట్టిన మూడు ఏడైపోయి, ఆ పిల్లల ముందుకు వెళ్లబోయింది. ఆ మాస్టారు ముందు తలదించుకుని కూర్చున్నది నేను."

"వదినా, టైపింగే కదా, మళ్లీ కొట్టుకోవచ్చని..."

ఆ మాట పూర్తికాకముందే నీళ్ల గ్లాసు గోడకేసి కొట్టాను. స్టీలు గ్లాసు. పగల్లేదు. గది మూలకి దొర్లి, గిరగిరా తిరిగి ఆగింది. నీళ్లు మా ఆయన చొక్కా మీద పడ్డాయి.

"వాణ్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నా" అన్నాను ఆయనతో. "వాడికి షాపు పరువు. మీరెందుకు గీకారు?"

ఆయన చొక్కా దులుపుకున్నాడు. "తమ్ముడు కదా" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"నేనెవర్ని?"

అత్తయ్య వంగి, మోకాలు పట్టుకుని, గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున ఆటో పిలిచి, కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి ప్రెస్సుకి తీసుకెళ్లిపోయాను. బడి ఇంజనీరు మంచి ముక్కలు వేసి, సిస్టమ్ మొదటి నుంచి ఎక్కించాడు. అరవై మూడు శాతం దగ్గర ఊపిరి బిగబట్టాను. ఆగకుండా దాటిపోయింది. కాగితాల గోదాములో ఒక మూల బల్ల ఇచ్చారు. తప్పులు ఎక్కడెక్కడ దాక్కున్నాయో తెలీదు కాబట్టి, చేసిన ఐదు అధ్యాయాలూ చెరిపేసి మొదటి పేజీ నుంచి కొట్టాను.

రెండో రోజు వాకిట్లో చెప్పులేసుకుంటుంటే అత్తయ్య కర్ర పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"నీతోనే. నువ్వు కొట్టింది సరిచూడ్డానికి ఒకళ్లు పైకి చదవాలి కదా. నాకు దగ్గర చూపు బానే ఉందిగా."

"ఇంట్లో వంట?"

"మీ ఆయన పదిహేనేళ్లకి పైగా నీ వంటే తింటున్నాడుగా. వాడికి తెలీదంటావా?" అంది. నెల రోజుల తర్వాత నవ్వాను.

మూడు వారాలు ఆవిడ ఆ గోదాములో నా పక్కన కూర్చుని చదివింది. చదవగా చదవగా ఘనమూలం అంటే ఏమిటో మాస్టారిని అడిగి మరీ తెలుసుకుంది. మరిది రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కొత్త ముక్క ఒకటి అట్టపెట్టెలో పెట్టి పంపాడు. విప్పకుండా తిప్పి పంపాను. మా ఆయనా నేనూ ఇంట్లో అవసరమైనంత మేరకే మాట్లాడుకున్నాం. గ్యాస్ అయిపోయింది, తలుపు గడియ పెట్టు, అంతవరకే.

బడి తెరవడానికి ఐదు రోజులుందనగా అత్తయ్యకి మోకాలు వాచి కదల్లేకపోయింది. ఆ రోజు ఒక్కదాన్నే వెళ్లాను. చివరి అధ్యాయం. ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను తెర మీద పెట్టి పోల్చుకుంటుంటే మెడ పట్టేసింది. గోదాము తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి చూశాను. ఆయన. ఆఫీసుకి సెలవు పెట్టాడట.

"అమ్మ పంపింది" అన్నాడు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, "కాదులే. నేనే వచ్చా."

నేను కుర్చీ చూపించలేదు. ఆయనే ఒక కాగితాల కట్ట మీద కూర్చున్నాడు.

"కంప్యూటర్ ఇంటికెప్పుడు తెస్తావు?"

"తేను. ఇక్కడే ఉంటుంది. నేనూ రోజూ ఇక్కడికే వస్తాను. మేనేజరమ్మతో మాట్లాడేశా."

"ఇంకా కోపమేనా?"

"ఆఁ."

ఆయన తలూపాడు. కొంచెంసేపు నా చేతుల వైపు, పుస్తకం వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు. నేను వద్దనలేదు. పని ఆగకూడదు, అంతే. వేలు పెట్టి చూపించాను. ఆయన చదవడం మొదలుపెట్టాడు. మీటర్లు చదివే గొంతు, స్పష్టంగా ఉంటుంది. నేను తెర మీద ఒక్కో అంకె చూసుకుంటూ పోయాను.

"నాలుగు వందల ఎనభై ఏడు."

ఆగాను. తెర మీద నాలుగు వందల ఎనభై ఒకటి ఉంది.

"మళ్లీ చూడండి."

ఆయన పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు, ఆ ఒక్క అంకెనే.

"ఒకటి" అన్నాడు. పుస్తకం మీంచి తలెత్తకుండానే, "తప్పు నాదే."

ఆ ఇంట్లోకి వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆయన నోట ఆ రెండు మాటలూ కలిపి నేను వినలేదు. ఏ తప్పు గురించి అన్నాడో అడగలేదు. కోపం ఎక్కడిదక్కడే ఉంది. ఇప్పటికీ ఉంది.

"తర్వాతి వరస చదవండి" అన్నాను.